నొప్పికీ నొప్పికీ మధ్య

కాన్పుల వార్డు, నర్సుల గది,
సోమవారం

పిన్నికి నమస్కారాలు.

ముందు నీ మోకాళ్లు ఎలా ఉన్నాయో రాయి, తర్వాత నన్ను తిట్టు. ఫోన్ చేయొచ్చు కదా అని అమ్మ అంటుంది. ఎప్పుడు ఎవరికి నొప్పులు మొదలవుతాయోనని ముప్ఫై అయిదేళ్లు నీ ఫోన్ ఖాళీగా ఉంచావు. రిటైరై మూడేళ్లయినా ఆ ఫోన్ ఇంకా డ్యూటీలోనే ఉందని నాకు తెలుసు. అందుకే ఉత్తరం.

ఇక్కడ చేరి నెలన్నర అయింది. ఇంకో మూడు నెలలకు మా పెద్ద సిస్టర్ నా సంగతి తేలుస్తుంది. కాన్పు గదిలో ఉంచుకుంటుందో, కింద టీకాల గదికి పంపుతుందో ఆవిడ ఇష్టం. టీకాల గది చెడ్డదేమీ కాదు. కానీ చిన్నప్పుడు నీ తెల్ల బూట్లు వేసుకుని మీ వరండాలో టకటకా తిరిగినదాన్ని. నాకు కావలసింది కాన్పు గదే.

చిక్కు ఏమిటంటే, నేను డ్యూటీ ఎక్కగానే నొప్పులు ఎడమైపోతున్నాయి. నాలుగు నిమిషాలకోసారి వస్తున్నవి, నేను చేతులు కడుక్కుని పక్కన కూర్చునేసరికి ఎనిమిదికి పోతాయి, ఇంకో గంటకు పన్నెండుకి. పోయిన గురువారం ఒకావిడ నన్ను చూసి చక్కగా నవ్వి, నొప్పులు ఆపేసి, గుర్రుపెట్టి నిద్రపోయింది. లేచాక ఆకలి అంది. మర్నాడు నాకు సెలవు. గంటన్నరలో కనేసింది.

మా ఆయా నాకు స్పీడ్‌బ్రేకరు అని పేరు పెట్టింది. డ్యూటీ చార్టులో నా పేరు పక్కన ఎవరో పెన్సిలుతో అదే రాశారు. పెద్ద సిస్టర్ చూసింది, చెరపలేదు.

పుస్తకంలో ఉన్నవన్నీ చేస్తున్నాను. నడిపిస్తున్నాను, మంచినీళ్లు తాగిస్తున్నాను, బాత్‌రూముకు పంపుతున్నాను, పక్కకు తిప్పి పడుకోబెడుతున్నాను. నువ్వయితే ఏం చేసేదానివి?

మీ అమ్మాయి, అదే మా అక్క, నెలనెలా చూపించుకోవడానికి మా దగ్గరికే వస్తోంది. ఆరో నెల. బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తే బావ కళ్లు తుడుచుకున్నాడు. లెక్కల మాస్టారు కదా, తుడుచుకున్న వెంటనే నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

ఇట్లు,
నీ స్పీడ్‌బ్రేకరు


ఇల్లు, కిటికీ పక్క కుర్చీ,
శుక్రవారం

స్పీడ్‌బ్రేకరుకి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకోవడానికి, రెండోసారి కళ్లజోడు పెట్టుకుని. మోకాళ్ల గురించి అడగకు. అవి నా మాట వినడం మానేసి చాలా రోజులైంది.

నువ్వు చేస్తున్నవి తప్పులు కావు, చేస్తున్న తీరు తప్పు. ఆ మనిషిని నడిపించి, తాగించి, తిప్పి, మళ్లీ నడిపించి, ఊపిరాడనివ్వకపోతే ఎలా? కాన్పుకు వచ్చిందా, కసరత్తుకు వచ్చిందా? పైగా నువ్వు పక్కన కూర్చుని వాచీ చూస్తూ ఉంటావు. ఇక్కడికి కనపడుతోంది నాకు. పక్కనున్న మనిషి వాచీ చూస్తుంటే ఎవరికైనా బస్సు వెళ్లిపోతోందేమోనన్న కంగారు పుడుతుంది. కంగారుపడ్డ ఒంటికి నొప్పులు సరిగ్గా రావు.

నేను ఊలు టోపీ అల్లేదాన్ని. ఆవిడ మంచమెక్కగానే నేను సూదులు తీసేదాన్ని. నొప్పి రాగానే అల్లిక ఒళ్లో పెట్టి కడుపు మీద చెయ్యి వేసేదాన్ని, పోగానే మళ్లీ సూదులు. నొప్పికీ నొప్పికీ మధ్య ఎన్ని వరసలు పడ్డాయో చూస్తే ఎడం ఎంతో తెలిసిపోయేది. తల్లీ, బిడ్డ గుండె చప్పుడూ బాగున్నంతసేపు టోపీ పూర్తయ్యేదాకా దేన్నీ తొందరపెట్టకూడదని నా నియమం. నేనంత తాపీగా అల్లుతుంటే, ఈవిడకే లేని తొందర నాకెందుకని వాళ్లూ ఒళ్లు వదిలేసేవాళ్లు. రెండు వేల పైచిలుకు కాన్పులు, రెండు వేల పైచిలుకు టోపీలు. గుండె చప్పుడులో తేడా వస్తే మాత్రం టోపీ గీపీ కిటికీలోంచి పారేసి పెద్ద డాక్టరును పిలు.

మీ అక్క గురించి ఎవరూ బెంగపడక్కర్లేదు. దాని కాన్పు నేను చేస్తాను. మీ పెద్ద సిస్టర్ నా దగ్గర పని నేర్చుకున్న మనిషే, కాదనదు. ఎవరెవరి పిల్లల్నో పట్టిన చేతులివి, నా మనవడో మనవరాలో ఈ చేతుల్లో పడకపోతే ఎందుకు నాకీ పనితనం? అదీకాక మీ అక్క మంచి ఓర్పుగల పిల్ల. చిన్నప్పుడు దాని ఏడుపు విన్నవాళ్లు లేరు. పడినా, జ్వరమొచ్చినా కిక్కురుమనేది కాదు. నేను డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే ఇంట్లో పిల్ల ఉన్నట్టే ఉండేది కాదు. చెయ్యి విరిగిన రోజు కూడా నేను లేచి టీ తాగేదాకా చెప్పలేదు. అలాంటి పిల్లను కన్నందుకు ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

పసుప్పచ్చ ఊలు కొన్నాను.

మీ పిన్ని


కాన్పుల వార్డు, నర్సుల గది,
ఆదివారం

పిన్నికి,

నేను కొంప ముంచబోయాను. అదృష్టం బాగుండి మునగలేదు.

నీ మాట విని టోపీ మొదలుపెట్టాను. ఆయా దాన్ని ఎత్తి పట్టుకుని, వెలుతురులో చూసి, ఇది టోపీనా దోమతెరా అని అడిగింది. అది పోనీ. బుధవారం బట్టలు కుట్టే ఆవిడ ఒకరు వచ్చారు. మొదటి కాన్పు. అత్తగారు పక్కనే కుర్చీ వేసుకుని కాఫీ ఫ్లాస్కుతో సహా స్థిరపడ్డారు. నేను వాచీ విప్పి జేబులో వేసుకుని, అచ్చం నీలాగే తాపీగా కూర్చుని అల్లాను. ఆవిడ మూలిగినప్పుడల్లా గోడ గడియారం చూసి చార్టులో గీత పెట్టాను. పావుగంట ఎడం. తర్వాత ఇరవై నిమిషాలు. నా పేరు నిలబడిందనుకున్నాను.

మధ్యాహ్నం పెద్ద సిస్టర్ చార్టు చూసి, నొప్పులు పెరగడానికి డ్రిప్ పెడదాం, సిద్ధం చేయమంది. పెట్టేముందు అలవాటుగా కడుపు మీద చెయ్యి వేసి పది నిమిషాలు కదలకుండా నిలబడింది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది.

“నువ్వు లెక్కపెడుతున్నది నొప్పులా, మూలుగులా?”

ఆ పది నిమిషాల్లో మూడు నొప్పులు వచ్చాయి పిన్నీ, బలమైనవి. ఆవిడ ఒక్కదానికీ నోరు విప్పలేదు. దుప్పటి అంచు మాత్రం పిడికిట్లో నలిగిపోయింది. తమ ఇంట్లో ఎవరూ అరిచి కనలేదని అత్తగారు పొద్దున్నే చెప్పి ఉంచారట. అత్తగారు ఫ్లాస్కు నింపుకోవడానికి బయటికి వెళ్లినప్పుడే ఈవిడ మూలిగేది. నేను చార్టులో శ్రద్ధగా రాసినది నొప్పుల ఎడం కాదు, అత్తగారి కాఫీల ఎడం.

అంత బాగా వస్తున్న నొప్పుల మీద డ్రిప్ పెట్టి ఉంటే అవి మితిమీరి బిడ్డకు ప్రమాదమయ్యేది. పెద్ద సిస్టర్ డ్రిప్ పక్కన పెట్టించి, అత్తగారి చేతికి ఒక కాగితం ఇచ్చి మూడు కౌంటర్లలో ముద్ర వేయించుకు రమ్మంది. ఆ కాగితానికి ఏ ముద్రా అక్కర్లేదు. తలుపు మూసుకోగానే ఆవిడ వేసిన కేకకు నా చేతిలో సూది జారిపోయింది. అత్తగారు రెండో ముద్ర దగ్గర ఉండగానే మగపిల్లాడు పుట్టాడు.

ఇంకోసారి చెవితో లెక్కపెడితే టీకాల గదేనని పెద్ద సిస్టర్ అంది. నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. నొప్పి రాగానే కడుపు మీద చెయ్యి వేసేదాన్నని స్పష్టంగా రాశావు. నేను టోపీ సంగతి పట్టుకుని చెయ్యి సంగతి వదిలేశాను.

అక్క గురించి ఒక విషయం రాయాలి. ఈ కాగితంలో చోటు లేదు.

నీ స్పీడ్‌బ్రేకరు


ఇల్లు, కిటికీ పక్క కుర్చీ,
గురువారం

ఓసి తెలివైనదానా,

వెనక పేజీ అంతా ఖాళీగా పంపి చోటు లేదంటావా? మీ అమ్మ కూడా ఇంతే, చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి వారం రోజులు నాకు ఇష్టమైనవన్నీ చేసిపెట్టింది.

చెవి సంగతి అందరికీ ఒకసారి జరగాలి. నీకు త్వరగా జరిగింది, మంచిదే. మాట్లాడని మనిషి దగ్గరే ఎక్కువసేపు చెయ్యి ఉంచాలి, ఇది రాసి పెట్టుకో. మీ పెద్ద సిస్టర్‌కు ఆ చెయ్యి వేయడం నేర్పింది ఎవరనుకున్నావు?

నా సంచీ సర్దాను. తెల్ల కోటు ఇస్త్రీ చేయించాను. బొత్తాలు కాస్త బిగుసుకుంటున్నాయి, ఊపిరి పట్టుకుంటే సరిపోతుంది. మీ అక్క విషయం ఏమిటో తిరుగు టపాలో రాయి. బిడ్డ అడ్డం తిరిగిందా? బీపీ ఉందా? ఏదైనా సరే, నేను చూసుకుంటాను.

మీ పిన్ని


కాన్పుల వార్డు, నర్సుల గది,
మంగళవారం

పిన్నికి,

బిడ్డ తల కిందకే ఉంది, బీపీ లేదు. అంతా బాగుంది. అందుకే చెప్పడం ఇంకా కష్టంగా ఉంది.

అక్క నిన్ను కాన్పు గదిలోకి రానివ్వొద్దంది. నన్నే చేయమంది, పెద్ద సిస్టర్ పక్కన ఉంటుంది. ఎందుకని నేను అడిగాను. “అమ్మ ఉంటే నాకు చేతకాదు” అంది. ఏమి చేతకాదో చెప్పలేదు. ఇది తన నోటితో నీకు చెప్పే ధైర్యం తనకు లేదు. నాకూ లేదు, అందుకే ఇన్నాళ్లు నాన్చాను.

పెద్ద సిస్టర్ ఈ కాన్పు చూసే నా సంగతి తేలుస్తానంది. నాకు నీ మీద భయంగా ఉంది, అక్క మీద భయంగా ఉంది, అన్నిటికన్నా నా పేరు మీద ఎక్కువ భయంగా ఉంది. నేను పక్కన కూర్చోగానే అక్క నొప్పులు ఆగిపోతే?

కోప్పడు, కానీ రా.

నీ స్పీడ్‌బ్రేకరు


ఇల్లు,
శనివారం

గౌరవనీయులైన నర్సుగారికి,

మీ ఉత్తరం అందినది. విషయము తెలిసినది. మీ అక్కగారికి సుఖప్రసవము కలుగుగాక.

ఇట్లు,
రెండు వేల పైచిలుకు కాన్పులు చేసినావిడ

సోమవారం. పైది పోస్టు చేయలేదు. రెండు రోజులు బల్ల మీద పెట్టి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చదువుకున్నాను. బాగా రాశాను అనిపించింది, అందుకే చింపలేక దీని మీదే రాస్తున్నాను.

బాధపడ్డానే. లేదని ఎందుకు చెప్పాలి. తెల్ల కోటు మడిచి పైన పెట్టేశాను. కానీ ఆ గదిలో ఎవరు ఉండాలో కనే మనిషే చెప్పాలని నేను ఎంతమంది అత్తగార్లతో పోట్లాడానో నాకే గుర్తులేదు. ఇప్పుడు మాట మారిస్తే వాళ్లంతా ఒక్కటై వచ్చి నవ్వుతారు.

వస్తాను. వరండాలో బెంచీ మీద కూర్చుంటాను, గడప తొక్కను. బెంచీకైనా అనుమతి ఉందా, దానికీ అర్జీ పెట్టుకోవాలా?

మీ పిన్ని


వరండా బెంచీ,
పొద్దున 9.10

స్పీడ్‌బ్రేకరుకి,

చీటీలు మోయడానికి మీ ఆయాను ఒప్పించాను. నొప్పులు ఎంత ఎడం? ఒక్కొక్కటి ఎంతసేపు ఉంటోంది? బిడ్డ గుండె చప్పుడు? ఏమైనా తాగిందా? బాత్‌రూముకు వెళ్లిందా? ఒక్కటీ వదలకుండా జవాబు రాయి.


కాన్పు గది,
9.30

పిన్నీ,

అయిదు నిమిషాలు. అన్నీ బాగున్నాయి. నువ్వు టోపీ అల్లుకో.


వరండా బెంచీ,
10.45

స్పీడ్‌బ్రేకరుకి,

అల్లుతున్నాను. మీ బావ గ్రాఫు కాగితాలు తెచ్చుకున్నాడు, ఆయా చెప్పిన ప్రతి అంకెకూ చుక్క పెడుతున్నాడు. దాన్ని వెల్లకిలా ఎందుకు పడుకోబెట్టావు? పక్కకు తిప్పు.


కాన్పు గది,
10.50

పిన్నీ,

తిప్పాను. తలుపు అద్దంలోంచి చూడకు.


వరండా బెంచీ,
10.55

నేను చూడలేదు. మోకాళ్లు పట్టేస్తున్నాయని అటూ ఇటూ నడుస్తున్నాను. అద్దం దారిలో ఉంది.


కాన్పు గది,
12.15

పిన్నీ,

ఎడం ఎనిమిది నిమిషాలైంది. నడిపించాను, గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయించాను, ఒంటరిగా కాసేపు వదిలాను. గుండె చప్పుడు బాగానే ఉంది. పెద్ద సిస్టర్ మూలన కూర్చుని నన్నే చూస్తోంది. ఆయా నా పేరు గొణుగుతోంది.


వరండా బెంచీ,
12.20

ఎనిమిదా? పొద్దున అయిదు ఉన్నవి ఎనిమిదెందుకయ్యాయి? డ్రిప్ పెట్టమను. డాక్టరుకు కబురు పెట్టారా? ఇంకా ఎంతసేపు దాన్ని అలా ఉంచుతారు? మీ సిస్టర్‌కు చేతకాకపోతే నేను వచ్చి మాట్లాడతాను.


కాన్పు గది,
12.25

పిన్నీ,

టోపీ ఎంతవరకు వచ్చింది?


వరండా బెంచీ,
12.30

మూర పొడవైంది. పైన ముడిచి ఆపాలన్న సంగతి మరిచిపోయి అల్లుతూ పోయాను. మీ బావ అది కాలిమేజోడా అని అడిగాడు. నవ్వకు.


కాన్పు గది,
12.50

పిన్నీ,

నవ్వడం లేదు. ఇది నిదానంగా చదువు, కూర్చుని చదువు.

పొద్దుటి నుంచి చేత్తోనే లెక్కపెడుతున్నాను. నీ ముఖం అద్దంలో కనపడినప్పుడల్లా చార్టులో పక్కన ఒక చుక్క పెట్టాను. ఆరు చుక్కలున్నాయి. కనపడిన ప్రతిసారీ అక్క నోరు గట్టిగా మూసుకుని ఒళ్లంతా బిగబట్టేస్తోంది. ఆ తర్వాతి నొప్పి ఆలస్యంగా వస్తోంది, వచ్చినా పట్టు ఉండటం లేదు. బావ గ్రాఫులో కూడా ఎడం పెరిగి పైకి లేచిన చోట్లు ఇవే అయి ఉంటాయి, చూడు.

ఇప్పుడు అడిగితే చెప్పింది. తన మాటలే రాస్తున్నాను. “అమ్మను చూస్తే నోరు దానంతటదే మూసుకుపోతుందే. చిన్నప్పుడు డ్యూటీ చేసి వచ్చి పడుకునేది కదా. నేను ఏడిస్తే లేస్తుందని దిండులో ముఖం పెట్టుకునేదాన్ని. నిద్ర లేకపోతే ఎవరి కాన్పు దగ్గరో తప్పు చేస్తుందేమోనని భయం. అలవాటైపోయింది.”

పిన్నీ, క్యాంటీన్‌కు వెళ్లు. అక్కడి నుంచి ఈ తలుపు కనపడదు. నీకు ఈ మాట చెప్పేంతటిదాన్ని కాదు. కానీ ఇవాళ ఈ గదిలో మిడ్‌వైఫ్‌ని నేను.


వరండా బెంచీ,
1.00

వెళ్తున్నాను. చెయ్యి తీయకు.


కాన్పు గది,
3.35

పిన్నీ,

ఆడపిల్ల. మూడు కిలోల నూట యాభై. అక్క బాగుంది, నోరు ఇంకా మూయలేదు. కాఫీ ఏది, అమ్మ ఏది, బావ ఎందుకు ఏడుస్తున్నాడని అందరి మీదా అరుస్తోంది. అక్క పిలుస్తోంది, రా. ఈ చీటీ ఆయా చేత పంపలేదు, పెద్ద సిస్టరే తెస్తోంది.


మీ అక్క ఇల్లు, తొట్టి పక్కన,
ఆదివారం

కాన్పు గది మిడ్‌వైఫ్‌కి ఆశీస్సులు.

నిన్ను అక్కడే ఉంచారని మీ పెద్ద సిస్టర్ ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తాను, ఇరవై నిమిషాలు ఆ ఫోన్ ఖాళీ లేదు. చార్టులో నీ పేరు పక్కన పెన్సిలు రాత తనే చెరిపానని కూడా చెప్పింది. నేను మాత్రం ఆ పేరుతోనే పిలుస్తాను.

క్యాంటీన్‌లో ఏం చేశావని ఆ రోజు అడిగావు కదా. ఎవరూ అడక్కుండానే సింకు దగ్గర నిలబడి కప్పులు కడిగాను. రెండు దాటాక పై నుంచి ఒక కేక వినపడింది. ఆ రోజు మీ వార్డులో ఇంకో ఇద్దరు ఉన్నారు, అయినా అది ఎవరిదో నాకు తెలిసింది. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా వినని గొంతు ఎలా పోల్చుకున్నానో నాకు తెలియదు. క్యాంటీన్ ఆవిడ, పాపం ఎవరో అంది. పాపమేమీ లేదు, మా అమ్మాయి అన్నాను.

కాళ్లు వాటంతటవే మెట్ల దగ్గరికి నడిచాయి. రెండు మెట్లు ఎక్కాను. మూడోది ఎక్కితే ఆ కేక ఆగిపోతుందని గుర్తొచ్చింది. ఇన్ని కాన్పుల్లో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని ఆ రెండు మెట్లు దిగడం. దిగి, కడిగిన కప్పులే మళ్లీ కడిగాను. అది అరిచినంతసేపూ ఏడ్చాను, సంతోషానికో సిగ్గుకో ఇంకా తేల్చుకోలేదు.

నా పిల్ల ఏడవదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను, నీకు కూడా రాశాను. రెండు వేల మంది కడుపు మీద చెయ్యి వేసి చూశాను. ఇంట్లో ఉన్న ఒక్కదాన్ని చెవితో లెక్కపెట్టాను. చప్పుడు లేదు కాబట్టి నొప్పి లేదనుకున్నాను.

ఇదంతా దానికి చెప్పబోయాను. వినే తీరిక దానికి లేదు. పిల్లకు తల్లి గొంతే వచ్చింది, దాచకుండా వాడుతోంది. ఆ మూర పొడవు టోపీ నా ఎడమ మోకాలికి సరిగ్గా సరిపోయింది, వెచ్చగా ఉంది, కుడిదానికి ఇంకొకటి మొదలుపెట్టాను. పిల్లకు మీ బావ దుకాణంలో కొన్నాడు.

నిన్న మీ అక్క నా మీద అరిచింది. పిల్ల స్నానానికి పెట్టిన నీళ్లు చల్లారిపోయాయట. ఇంతమందికి పురుళ్లు పోశావు, నీళ్లు ఎంత వేడి ఉండాలో తెలియదా అని, కిటికీ తెరిచి ఉండగానే, ఎదురింటావిడ తొంగిచూసేటంత గట్టిగా అరిచింది. నేను నీళ్లు మళ్లీ కాచాను. కాస్తున్నంతసేపూ వంటింట్లో నిలబడి ఆ తిట్లు విన్నాను. ఎంత బాగుందో నీకు ఎలా చెప్పను.

ఇవాళ నీళ్లు కావాలనే కాస్త చల్లారనిచ్చాను. అదిగో, పిలుస్తోంది. ఉంటాను.

మీ పిన్ని